మే నెలలో నేలపట్టు: ఒక కొత్త రచయిత్రికి లేఖ

అమ్మా,

నీ కథ మూడో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. రోహిణీ కార్తె ఎండల్లో నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలోని చెరువు నిండుగా ఉందనీ, గూడబాతులు (పెలికాన్లు) బారులు తీరి వాలాయనీ రాశావు. నెల్లూరులో పుట్టి పెరిగిన పిల్లవి, ఎలా రాయగలిగావు? 2022లో నేలపట్టు ఉన్న దొరవారిసత్రం మండలం తిరుపతి జిల్లాలో కలిసినా అది మన నేలే కదా! ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండే వేళ, అక్టోబరు ప్రాంతంలో గూడబాతులు వస్తాయి. నీళ్లలోని కడప చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి ముదిరేలోపు చాలావరకు వెళ్లిపోతాయి. రోహిణిలో మిగిలేవి ఖాళీ గూళ్ల పుల్లలు, రెట్టలతో తెల్లబారిన కొమ్మలు, నెర్రెలిచ్చిన చెరువు అంచులు.

నీ కథలోనే మరోచోట నెర్రెల్లో అవ్వ నత్తగుల్లలు ఏరే ఘట్టం మాత్రం బాగుంది.

చెరువు మీద రాయదలచినవాళ్లు ముందు దాని వేసవిని చూడాలి. ఈ మాట ఎవరేమన్నా వదలను. జనవరిలో వెళ్లి అందరూ రాస్తారు. పత్రికలకూ అదే కావాలి. తీతువు గుడ్ల మీద నేను రాసిన వ్యాసాన్ని ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. "ఎండాకాలంలో పక్షులేముంటాయండీ, పులికాట్ రాజహంసల మీద రాయండి, రంగుల బొమ్మ వేస్తాం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. దొరవారిసత్రంలో బస్సు దిగి, గొడుగేసుకుని నడిచివెళ్లి, గట్టు కింద గంటల తరబడి కూర్చుని చూసి రాసిన వ్యాసమది.

తీతువుకు గూడంటూ ఉండదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు. మట్టిరంగు గుడ్ల మీద నల్లమచ్చలు. పక్కనే నిలబడినా కంటికి ఆనవు. మిట్టమధ్యాహ్నం తల్లి లేచి మిగిలిన మడుగులోకి దిగింది. పొట్ట ఈకలు తడుపుకుని, ఆ తడితోనే వచ్చి గుడ్ల మీద కూర్చుంది. అవి ఎండకు ఉడికిపోకుండా అది పడే పాటు చూస్తే నీ కథానాయకుడి విరహం ఏపాటిది?

కడప చెట్టు పూతా వేసవిదే. వేలాడే ఎర్రటి గుత్తులు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతాయి. పొద్దెక్కాక వెళ్లేవాళ్లకు దొరకవు.

కథ ఏ పత్రికకు పంపాలో తరవాత చూద్దాం. ముందు తొలి బస్సుకే నేలపట్టు వెళ్లు. నీళ్లు, టోపీ మరవకు. తీతువు నెత్తి మీద అరుస్తూ తిరిగితే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి దూరంగా కూర్చో. నువ్వక్కడ నిలబడినంతసేపూ అది గుడ్ల మీదికి రాదు, అవి ఎండకు మాడిపోతాయి.

ఆశీస్సులతో.