బరువు పెంచేది పండుగ భోజనం కాదు

చిరంజీవి అల్లుడికి,

చిత్తూరు నుంచి నీ అత్త ఆశీస్సులు. నడుము పెరుగుతోందనీ, ఫోనులో చూసిన పద్ధతి ప్రకారం అన్నం పూర్తిగా మానేయాలనుకుంటున్నాననీ రాశావు. తొందరపడవద్దు. ఆసుపత్రిలో రోగులకు ఆహార నియమాలు చెప్పి విరమించినదాన్ని కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. ఉగాదినాడు తిన్న ఓళిగల వల్లనో, కొండ మీది నుంచి వచ్చిన లడ్డూ వల్లనో పొట్ట రాదు. ఆ లడ్డూను ఎలాగూ ఇంటిల్లిపాదికీ పంచి తలా ఒక ముక్క తింటాం. లెక్కలోకి రాకుండా ప్రతిరోజూ లోపలికి పోయేదే ఒంటికి పడుతుంది.

అందులో మొదటిది నూనె. గ్రాము పిండిపదార్థం 4 కిలోక్యాలరీలిస్తే, గ్రాము నూనె 9 ఇస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోక్యాలరీల ఆహారంలో నూనె, నెయ్యి వంటివన్నీ కలిపి 27 గ్రాములని సూచించారు. ఆ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న మీ ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు చాలు. అయిదు లీటర్ల డబ్బా మూత తీసిన రోజున క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి పెట్టండి. అది నలభై రోజులు దాటి రావాలి. నెల తిరగకుండానే అడుగంటితే, దోసె చుట్టూ పోసేదీ, వేపుడులో మళ్లీ మళ్లీ వంచేదీ కొలత చెంచాతో పోయడం మొదలుపెట్టమని అమ్మాయికి చెప్పడం కాదు, పొయ్యి దగ్గర నిలబడి నువ్వే పోయాలి.

రాగి సంగటి తింటే లావెక్కరని మన వైపు గట్టి నమ్మకం. తూకానికి తూకం చూస్తే రాగిపిండికీ బియ్యానికీ శక్తిలో పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది పీచులో, రాగిలో అది నూరు గ్రాములకు సుమారు 11 గ్రాములు ఉండటం వల్ల కడుపు త్వరగా నిండుతుంది. రెండో ముద్ద పెట్టించుకుని, దాని మీద చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి, నెయ్యి వేసుకుని, చివర పెరుగన్నం కూడా తింటే ఆ మేలు మిగలదు. మడక దున్నిన మీ తాతకు చాలిన ముద్ద, తిరుపతిలో పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే నీకు ఎక్కువే అవుతుంది. అన్నం మానకు, కూర, పప్పు ముందు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకో.

కాఫీకి రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులకు దాదాపు 40 గ్రాముల చక్కెర అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలంటుంది. కప్పుకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రా, నాలుక అలవాటుపడుతుంది.

సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగడానికి కారణం చాపల్యం కాదు, మధ్యాహ్నం హడావిడిగా తిన్న అరకొర భోజనం. బొరుగులలో గుప్పెడు చెనిక్కాయలు కలిపి డబ్బాలో పెట్టుకుని వెళ్లు. గుప్పెడు అన్నాను, పొట్లం కాదు. నెలకొకసారి అలిపిరి మెట్లెక్కుతున్నానన్నావు, మంచిదే, అయితే మిగిలిన రోజుల తిండిని అది సరిచేయలేదు.

మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటకూడదు. టేపును బొడ్డు మీదుగా, ఊపిరి వదిలాక చుట్టి చూడు. తూకం వారానికొకసారి, ఉదయం ఏమీ తినకముందు చూస్తే చాలు; రోజూ చూస్తే ఒంట్లోని నీటి హెచ్చుతగ్గులకే బెంబేలెత్తుతావు. మూడు నెలలు ఇలా తిన్నా మార్పు లేకుంటే, థైరాయిడ్ పరీక్షకు డాక్టరు దగ్గరకు వెళ్లు.

ఇట్లు,
నీ అత్త