చేతి కొలతకు గిటారు

నల్గొండ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన మూడు గిటార్ల ఫొటోలూ చూశాను. మొదటి జీతంతో ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంటానని రాశావు. ఆ మాట మీ పెద్దమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. "వీటిలో ఏది మంచిది?" అని అడిగావు. ఫొటోలు చూసి దానికి జవాబు చెప్పలేను తల్లీ, నీ చేతులు చూస్తే చెప్పగలను.

పుట్టపాకలో మీ తాతయ్య మగ్గం గుంట గుర్తుందా? ఆయన అందులో దిగి కూర్చుంటే కాళ్ళతో తొక్కే కర్రలు సరిగ్గా పాదాల కిందికి వచ్చేవి. పదహారేళ్ళకు నేను ఆయన కంటే పొడుగయ్యాను. అదే గుంటలో కూర్చుంటే గంటకల్లా నా నడుము పట్టేసేది. తేలియా రుమాళ్ళు నేసిన మగ్గం, దానికి వంక పెట్టే పని లేదు. గుంట మాత్రం ఆయన కాళ్ళ కొలతకు తవ్వింది. ఒకరోజు ఆయనే గడ్డపార తెచ్చి ఇంకో నాలుగు వేళ్ళ లోతు తవ్వారు. ఆ తర్వాతే నాకు నేత పట్టుబడింది.

ఈ సంగతి తెలిసి కూడా నా మొదటి ఎలక్ట్రిక్ గిటారును కళ్ళతోనే కొన్నాను. గిబ్సన్ కంపెనీ తెచ్చిన లెస్ పాల్ ఆకారం, నల్లటిది, బంగారు రంగు బిగింపులు. తూకం నాలుగున్నర కిలోలు. పెళ్ళి ఆర్కెస్ట్రాలో రాత్రి తొమ్మిదికి భుజాన వేసుకుంటే దించేసరికి రెండయ్యేది. రెండేళ్ళు తిరిగేసరికి ఎడమ చెయ్యి పైకెత్తి చొక్కా తొడుక్కోవడం కష్టమైంది. నువ్వు పంపిన మొదటి ఫొటో అచ్చం అదే. కూర్చుని ఇంట్లో వాయించుకునేవాళ్ళకు అది గొప్ప వాద్యం, నిండైన నాదం. నువ్వు నిలబడి వాయించాలనుకుంటున్నావు కనుక ముందు బరువు చూడు. మూడున్నర కిలోలు దాటితే నీ భుజానికి అదనమనే నా అభిప్రాయం.

రెండో ఫొటోలోది స్ట్రాటోకాస్టర్ ఆకారం. దాని పుట్టుక నాకు చాలా ఇష్టమైన విషయం. దాన్ని తయారుచేసిన లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. అంతకుముందు ఆయన తెచ్చిన టెలికాస్టర్ చదునైన పలక, దాని అంచులు పక్కటెముకలకు ఒత్తుకుంటున్నాయని వాయిద్యగాళ్ళు చెప్పారు. ఆయన విన్నారు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో పొట్ట ఆనేచోట, ముంజేయి ఆనేచోట చెక్కను తొలిచేశారు. చూడటానికి అందం కోసం మలిచినట్టుంటుంది గానీ, ఆ వంపులన్నీ మనిషి ఒంటి కొలతలే.

ఇక నీ వేళ్ళ సంగతి. ఆరేళ్ళు వీణ నేర్చుకున్నావు, మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడం నీకు అలవాటు. గిటారులోనూ అదే పని చేయాలి. అందుకని తీగ ఎంత బిగువుగా ఉంటుందో నీకు మిగతావాళ్ళకంటే ముఖ్యం. ఫెండర్ తరహా గిటార్లలో నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే బిగింపు) దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో 24.75. ముప్పాతిక అంగుళమే కదా అనుకోకు. ఒకే మందం తీగను ఒకే శ్రుతికి బిగిస్తే పొడవైన దానిలో బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ. పొట్టి మెడ మీద తీగ మెత్తగా లొంగుతుంది, మెట్లు కాస్త దగ్గరగా ఉంటాయి, చిన్న చేతికి సుఖం. పొడవు మెడ మీద ప్రతి స్వరం విడివిడిగా, తేటగా మోగుతుంది. నీకు పొడవు మెడే నచ్చితే 10 నంబరు తీగలకు బదులు ఇంకా సన్నవైన 9 నంబరువి వేసుకో, లాగడం తేలికవుతుంది. సన్న తీగలు వేసుకుంటే నాదం పలచబడుతుందని నిన్ను ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోకు. బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, సన్న తీగలు వేసుకుని, తర్వాత శ్రుతి కూడా దించుకుని వాయించారు. ఆయన నాదం అంత బరువైనది ఇంకెవరిది? అమెరికా బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ దానికి పూర్తిగా ఎదురు. 13 నంబరు మొద్దు తీగలు వేసి, శ్రుతిని అరస్వరం దించి, వేళ్ళు చిట్లేలా లాగేవారు. ఇద్దరిదీ సరైన పద్ధతే.

మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశారో చూడు. మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల మీద గమకం పలకదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని ఐదు విడి తీగలతో కర్ణాటక సంగీతాన్నంతా పలికించారు. ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మన సంగీతకారులతో శక్తి బృందంలో వాయించిన రోజుల్లో తన గిటారు మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నారు, వేలు చెక్కకు తగలకుండా తీగను లాగడానికి. ఇదీ మగ్గం గుంట తవ్వుకోవడమే.

మూడో ఫొటోలోని కొమ్ముల గిటారు వద్దు. దానికి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉంది. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి అది, ఒక తీగ శ్రుతి మారిస్తే మిగతా ఐదూ కదులుతాయి. గాయని శ్రుతిని బట్టి పాట పాటకూ దించుకోవలసిన వాళ్ళకు నరకం.

పికప్‌ల గురించి, అంటే తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టల గురించి, ఒక్కమాట. ఒంటి చుట్ట పికప్ తేటగా మోగుతుంది గానీ కరెంటు లైన్ల గుంయిమనే మోతను కూడా పట్టుకుంటుంది. ఫంక్షన్ హాలులో సీరియల్ లైట్లు, పక్కనే జనరేటరు ఉంటే మోతకు అంతుండదు. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ మోతను చంపేశారు, అదే హంబకర్. బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండూ ఒంటి చుట్టలు ఉన్న గిటారు దొరికితే తీసుకో. యమహా పసిఫికా 112 అలాంటిదే.

ఇంకో విషయం, ఇది కచ్చితంగా పాటించు. ఎర్త్ లేని ప్లగ్గుతో యాంప్ (నాదాన్ని పెద్దది చేసే యాంప్లిఫయరు) వాడకు. గిటారు తీగలు యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగా లేని వేదిక మీద తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీదే అలా చనిపోయారు. మన ఊళ్ళలో షామియానా కింద మూడో పిన్ను విరిచేసిన వైర్లు నేను ఎన్ని చూశానో. అలాంటిచోట వాయించనని చెప్పి దిగిపో, అడ్వాన్సు వెనక్కి ఇచ్చినా ఫర్వాలేదు.

దుకాణానికి పొద్దున్నే వెళ్ళు, తొందర పెట్టేవాళ్ళు ఉండరు. యాంప్‌కు కలపకముందే ఇరవై నిమిషాలు వాయించు. పట్టీ వేసుకుని నిలబడి, కళ్ళు మూసుకుని, మాయామాళవగౌళలో సరళీ వరుసలు. మెడ వెనక బొటనవేలు ఎక్కడ ఆనిందో చూసుకో, అక్కడ నొప్పి మొదలైతే మెడ మందం నీది కాదు. మెడ అంచు వెంట అరచెయ్యి జరుపు, మెట్ల కొసలు గీరుకుంటే పక్కన పెట్టు. మన ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోయి ఆ కొసలు ఇంకా బయటికొస్తాయి. మెట్లు బిగించిన పలక గుండ్రనిదా, చదునైనదా అన్నదీ గమనించు. పాతకాలపు 7.25 అంగుళాల వ్యాసార్ధపు గుండ్రం మీద తీగలను మెట్లకు దగ్గరగా దించి గమకం లాగితే పై మెట్లలో స్వరం గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. నీకు ఇంకా చదునైనది, 9.5 నుంచి 12 అంగుళాల మధ్యలోది సరిపోతుంది.

కొన్నాక కొత్త గిటారు సరిగా మోగకపోతే దాన్ని తిట్టకు. పెట్టెలోంచి తీసిన గిటారు ఇంకా ఎవరిదీ కాదు. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ నొక్కిపట్టి ఏడో మెట్టు దగ్గర చూడు, తీగకూ మెట్టుకూ మధ్య పావు మిల్లీమీటరు సందు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీని) బిగించాలి, అదీ ఒకసారికి పావు చుట్టే. తర్వాత పన్నెండో మెట్టు మీద తీగ ఎత్తు చూడు. సన్న తీగకు 1.6 మిల్లీమీటర్లు, మొద్దు తీగకు 2. నువ్వు వీణ అలవాటుతో గట్టిగా మీటుతావు, కనుక కాస్త ఎత్తుగానే ఉంచు, లేకపోతే తీగ మెట్లకు తగిలి బుసకొడుతుంది. చివరగా పన్నెండో మెట్టు మీద నొక్కిన స్వరం, అక్కడే తాకీ తాకనట్టు మీటిన స్వరం ఒక్కటి కావాలి. నొక్కింది హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే చిన్న ముక్కను, అదే శాడిల్‌ను, వెనక్కి జరపాలి. మార్చి నెలలో ఒకసారి, వానలు పట్టాక ఒకసారి ఇవన్నీ మళ్ళీ చూసుకోవాలి.

మొదటిసారి నువ్వు ఒక్కదానివే చేయకు. ఆదివారం మహబూబ్‌నగర్ నుంచి గిటారుతో ఇటు వచ్చెయ్యి. 9 నంబరువీ, 10 నంబరువీ తీగలు రెండు జతలు తెప్పించి ఉంచుతాను, రెండూ వేసి చూద్దాం. పెట్టెలో చిన్న కవరులో ట్రస్ రాడ్ తిప్పే అలెన్ కీ ఉంటుంది, అట్టముక్కలతో పాటు పారేయకుండా పట్టుకురా.

మీ పెదనాన్న