ఇందిరానగర్ మెట్రో సైకిల్ స్టాండ్ పొద్దున్నే ఖాళీ: టాటా ఏస్ కొనే ముందు ఇది చూడండి

బెంగళూరు ఇందిరానగర్ మెట్రో దగ్గర జనం తీసుకెళ్లే మీ సైకిళ్లు పొద్దున్నే అయిపోతున్నాయని, వేరేచోటి నుంచి తెచ్చి నింపడానికి టాటా ఏస్ (చిన్న సరుకు బండి) కొనాలా అని అడిగారు. బండి లేకపోవడం సమస్య కాదు, రాత్రి స్టాండులో ఉంచే సైకిళ్ల లెక్క తప్పుతోంది. ఎనిమిదిన్నరకే ఖాళీ అవుతోందన్నారు. ఆ వేళ దొమ్మలూరు వైపు నుంచి ఏ బండిలో తెచ్చినా ట్రాఫిక్‌లో ఆలస్యమే.

1. గత నెల పనిదినాల ట్రిప్పుల రికార్డు తీసుకోండి. స్టాండు ఖాళీ అయిపోయిన రోజుల్ని పక్కన పెట్టేయండి. చాలామంది మర్చిపోయే పని ఇదే. సైకిల్ దొరక్క వెళ్లిపోయినవాళ్లు రికార్డుకెక్కరు, అందుకే గిరాకీ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అన్ని రోజులూ ఖాళీయే అయితే ఒక వారం ఇప్పటికి రెట్టింపు పెట్టి, అప్పుడు కొలవండి.

2. ఒక్కో రోజుకీ విడిగా, ఆరు నుంచి పది దాకా, ప్రతి 15 నిమిషాలకీ వెళ్లిన సైకిళ్లలోంచి వచ్చినవి తీసేసి కూడుకుంటూ పోండి. తేడాలు 3, 5, 3, మైనస్ 2 అనుకోండి. మొత్తం 3, 8, 11, 9 అవుతుంది. అందులో పెద్దది 11, ఆ రోజుకి స్టాండులో కావలసిన సైకిళ్లు అన్ని. రోజుల సగటు తీసుకోవద్దు, దాదాపు సగం రోజులు మళ్లీ ఖాళీ అవుతుంది. అంకె పెద్దగా వచ్చిన రోజులదే పట్టుకోండి.

3. అలా తేలినన్ని సైకిళ్లూ తొక్కగలిగేవై ఉండాలి. పక్కవి తిరుగుతుంటే మూడు రోజులుగా కదలనిది చెడిపోయిందనే అనుకోండి. గాలి, చైను, తాళం బ్యాటరీ చూడండి.

సాయంత్రం చాలావరకు వాటంతటవే తిరిగొస్తాయి, తగ్గినవే రాత్రి తెచ్చుకోవాలి. లాభాపేక్ష లేని సంస్థ కదా, బండికి అనుకున్న డబ్బు మెకానిక్ జీతానికి పెట్టండి.