అమెరికన్ పాప్ బ్యాండ్ బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌లో వాయిద్యాలు ఎవరు వాయించారు?

చాలావరకు లాస్ ఏంజెలెస్ స్టూడియో వాద్యకారులే. బ్యాండ్ సభ్యుల ప్రధాన పాత్ర గానం. సాహిత్యంలో ఎక్కువ భాగం రాసింది కూడా బయటివాడే: టోనీ ఆషర్ అనే ప్రకటనల రచయిత.

1966 జనవరిలో బ్యాండ్‌లో మిగతావాళ్లు జపాన్ కచేరీల్లో ఉన్నారు. పర్యటనలు మానేసిన బ్యాండ్ నాయకుడు బ్రయాన్ విల్సన్ లాస్ ఏంజెలెస్ స్టూడియోలో పాటల వాద్య ట్రాకులు కట్టాడు. పైగా అతనికి కావాల్సింది ఫ్రెంచ్ హార్న్, అకార్డియన్, ఫ్లూట్ వంటివి ఒకే గదిలో కలిసి మోగడం. వాద్యకారుల యూనియన్ లెక్కన ఒక సెషన్ అంటే మూడు గంటలు. స్వరాలు అక్కడికక్కడే నేర్చుకుని, తప్పు లేకుండా వాయించగలవాళ్లు కావాలి. వాళ్లకు ముట్టేది సెషన్ రుసుమే, అమ్మకాల్లో వాటా కాదు. కవరు మీద పేర్లూ ఉండేవి కావు, అది అన్యాయమే.

ఈ ఆల్బమ్‌లోని 'గాడ్ ఓన్లీ నోస్' పాట వినండి. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) లైల్ రిట్జ్. మొదట్లో వినిపించే ఫ్రెంచ్ హార్న్ ఆలన్ రాబిన్‌సన్‌ది. ఎలక్ట్రిక్ బాస్, నిలువు బాస్ కలిపి వాయించడం వల్లే అడుగు స్వరానికి ఆ గుండ్రదనం, స్పష్టత రెండూ వచ్చాయి. ప్రధాన గాత్రం మాత్రం బ్యాండ్ సభ్యుడు, బ్రయాన్ తమ్ముడు కార్ల్ విల్సన్‌దే.

దీన్నిబట్టి బ్యాండ్‌కు వాయించడం రాదనుకోవడం పొరపాటు. తొలి రికార్డుల్లో చాలావాటికి వాళ్లే వాయించారు, కచేరీల్లోనూ వాళ్లే. ఈ ఆల్బమ్‌లోనే 'దట్స్ నాట్ మీ' పాటకు ప్రధానంగా వాయించింది బ్యాండ్ సభ్యులే.