నాలుగడుగుల పలక మీద షంటింగ్ యార్డు

మోడల్ రైల్వే కోసం మీ దగ్గర నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక ఉందన్నారు. బండి గుండ్రంగా తిరిగే చోటు లేదు కాబట్టి షంటింగ్ (వ్యాగన్లని ముందుకీ వెనక్కీ నడిపి వరస మార్చే పని) లేఅవుట్ వేద్దామనుకుంటున్నారు, కానీ నాలుగు రోజులకే విసుగొస్తుందేమోనని అనుమానం. మీ నాలుగు చక్రాల చిన్న ఇంజన్ పాయింట్ల (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోట్ల) మీద ఆగిపోతోందని కూడా రాశారు. నేను ఓఓ స్కేల్లో (అసలు రైలులో దాదాపు 76వ వంతు సైజు) సరిగ్గా ఇలాంటిదే కట్టుకున్నాను. విసుగు రాదు. కానీ ఆ ఆగిపోయే సమస్య తీరకపోతే మాత్రం తప్పకుండా వస్తుంది, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ప్లాను సంగతి. బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ పజిల్ వేయండి. రెండే పాయింట్లు, మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒక సైడింగులో 5 వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఇవతలి వైపు హెడ్‌షంట్‌లో (షంటింగ్ చేసేటప్పుడు ఇంజన్ వెనక్కి వచ్చే లైను) ఇంజన్, దానితో 3 వ్యాగన్లు మాత్రమే పట్టాలి. ఉన్న వ్యాగన్లు మొత్తం 8. ఒక్కో వ్యాగన్‌కి ఒక్కో చీటీ రాసి, కలిపి, అందులోంచి 5 తీయండి. ఏ వరసలో వచ్చాయో అదే వరసలో పెద్ద సైడింగులో బండి తయారు చేయాలి. ఆట అంతే. అలా వచ్చే వరసలు 8×7×6×5×4, అంటే 6,720. అమెరికన్ మోడలర్ జాన్ ఆలెన్ రూపొందించిన టైమ్‌సేవర్ కూడా మంచి పజిలే కానీ దానికి ఐదు పాయింట్లు కావాలి. మొదటిసారికి అది వద్దనే నా సలహా.

పట్టాలు కోసే ముందు పలక మీద కాగితం పరిచి, మీ వ్యాగన్లనే పెట్టి కొలవండి. పొట్టి నాలుగు చక్రాల వ్యాగన్ కప్లింగ్‌తో కలిపి దాదాపు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మూడింటికి 25.5, ఇంజన్‌కి 15 వేసుకుంటే హెడ్‌షంట్‌కే 40 దాటింది. చిన్న రేడియస్ పాయింటు పద్దెనిమిదిన్నర. పెద్ద సైడింగు మొదటి పాయింటు దగ్గరే విడిపోయేలా పెడితే దానికి 42.5. అన్నీ కలిపితే మీటరు పైచిలుకు. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు కాబట్టి మిగిలింది ఇరవై. అది వృథా కాదు. పాయింటు దాటగానే పక్కపక్క పట్టాలు బాగా దగ్గరగా ఉంటాయి, అక్కడ నిలబెట్టిన వ్యాగన్‌ని పక్క లైనులో వెళ్లేది రాసుకుంటుంది. అసలు రైల్వేలో ఫౌలింగ్ మార్క్ పెట్టేది అందుకే. ఆ మార్క్ అవతలి నుంచే సైడింగు పొడవు లెక్కపెట్టాలి. హెడ్‌షంట్‌ని మాత్రం మీ దగ్గరున్న వాటిలో పొడవాటి ఇంజన్‌తో కొలవండి. నేను పొట్టిదానితో కొలిచాను. తర్వాత కాస్త పెద్ద ఇంజన్ తెస్తే మూడో వ్యాగన్ ఎప్పుడూ పాయింటు మీదే ఉండిపోయేది, చివరికి హెడ్‌షంట్ పీకి మళ్లీ వేశాను. చోటు ఇంకా తక్కువైతే 3-2-2 పద్ధతి (మూడు సైడింగుల్లో పట్టే వ్యాగన్లు) ఉంది: ఐదు వ్యాగన్లు, అందులో మూడింటితో బండి.

ఇక ఇంజన్ ఆగిపోవడం. పాయింటులో రెండు పట్టాలు కలిసే ముక్కు లాంటి చోటుని ఫ్రాగ్ అంటారు. అది ప్లాస్టిక్‌దైతే అక్కడ కరెంటు ఉండదు. పొడవాటి ఇంజన్‌కి ఇది తెలియను కూడా తెలియదు, మిగతా చక్రాలు కరెంటు అందుకుంటూనే ఉంటాయి. నాలుగు చక్రాలదానికి ఒక చక్రం ఫ్రాగ్ మీదుంటే, ఆ వైపు రెండో చక్రం కింద చిటికెడు మురికి చాలు. టక్కున ఆగుతుంది, మీరు వేలితో తోస్తారు. షంటింగ్‌లో ఒక్క ఆటకే ఆ పాయింటు మీదుగా డజన్ల సార్లు వెళ్లాలి. కాబట్టి లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింట్లే కొనండి.

అయితే వాటికి ఒక నియమం ఉంది, అది తెలియక రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. కరెంటు బాగా అందాలని మూడు సైడింగులకూ విడివిడిగా వైర్లు సోల్డర్ చేశాను. వైర్లు కలపగానే కంట్రోలర్ లైటు ఆరిపోయింది. పాయింటు ఎటు మార్చినా వెలగలేదు. వైర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ వెళ్తే అర్థమైంది. ఫ్రాగ్‌కి పాయింటు నాలుక (అటూ ఇటూ జరిగే పట్టా ముక్క) ఏ పట్టాని తాకితే ఆ పట్టా కరెంటే వస్తుంది. అవతలి నుంచి నా వైరు దానికి ఎదురు కరెంటు ఇస్తోంది. అదే షార్ట్. ఫ్రాగ్ నుంచి బయల్దేరే రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు (కరెంటు పారనివ్వని అతుకులు) వేయగానే పోయింది. కరెంటు హెడ్‌షంట్ వైపు నుంచి మాత్రమే ఇస్తే ఈ తలనొప్పే ఉండదు. కానీ నాలుక తాకిడి మీదే కలకాలం ఆధారపడొద్దు, అక్కడ దుమ్ము చేరుతుంది. పాయింటుని జరిపే స్లైడ్ స్విచ్‌తోనే ఫ్రాగ్‌కి కరెంటు వెళ్లేలా వైరు కలిపాను, ఆ తర్వాత ఇంజన్ ఆగలేదు.

పట్టాల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వాడొద్దు, గీతల్లో మురికి ఇంకా త్వరగా పట్టుకుంటుంది. పలకని రసమట్టం పెట్టి చూడండి. చక్రాలు తేలిగ్గా తిరిగే వ్యాగన్ కొంచెం వాలున్నా మీరు వదిలిన చోట నిలవదు.

కప్లింగులు అన్నీ ఒకే రకం, ఒకే ఎత్తులో ఉండాలి. కేడీ అనే కంపెనీ రకమైతే సన్నటి వెదురు పుల్ల మధ్యలో పెట్టి తిప్పితే విడిపోతాయి, పట్టాల మధ్య అయస్కాంతం పెట్టినా సరే. ఒక్క ఇంజన్‌కి డీసీసీ (ఇంజన్లని విడివిడిగా డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) తప్పనిసరి కాదు, నెమ్మదిగా నడిపించే మంచి డీసీ కంట్రోలర్ చాలు.

కంకర, గడ్డి, షెడ్డు ఇవన్నీ తర్వాత. పట్టాలు పరిచి, వైర్లు కలిపి, ఇంజన్‌ని మనిషి నడక వేగంతో వదలండి. ఓఓ స్కేల్లో అది సెకనుకి రెండు సెంటీమీటర్ల లోపు, అంటే పలక ఈ కొస నుంచి ఆ కొసకి చేరడానికి నిమిషం పైనే పట్టాలి. రెండు పాయింట్లనూ అన్ని వైపులకీ మార్చి, మూడేసి వ్యాగన్లని లాగుతూ, ముఖ్యంగా వెనక్కి నెడుతూ, ఒక్కసారి కూడా వేలు పెట్టకుండా నడిచిన రోజు కంకర జిగురు కలపండి. ఆ జిగురు పాయింటు నాలుకల దరిదాపుల్లోకి రానివ్వకండి.