కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసే ముందు

అల్లుడూ,

విండోస్‌ను ఉంచుకుని పక్కనే ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించడం అరగంట పని. తిప్పలన్నీ విండోస్ వైపు నుంచే వస్తాయి, కాబట్టి పెన్‌డ్రైవ్ గుచ్చే ముందు ఇది చదువు.

ముందు నీ ఫైళ్లన్నీ బయట ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకో. తర్వాత బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం, అదే ఎన్‌క్రిప్షన్) సంగతి చూడు. నువ్వు ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే విండోస్ 11 చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. ఆ తర్వాత బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్‌లలో) ఏదైనా కదిపావంటే 48 అంకెల రికవరీ కీ తెమ్మనొచ్చు. ఆ కీ నీ అకౌంట్‌లోనే ఉంటుంది, కాగితం మీద రాసిపెట్టుకో. ఎన్‌క్రిప్షన్ ఆపేసి, డిక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగు. ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ను పూర్తిగా ఆపకుండా త్వరగా లేపే సెట్టింగ్) కూడా తీసెయ్. సి డ్రైవ్‌ను విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కుదించి ఓ 100 జీబీ ఖాళీగా వదిలెయ్. అందులో కొత్త డ్రైవ్ సృష్టించకు.

పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. ఐఎస్‌ఓ ఫైల్‌ను (ఉబుంటు డౌన్‌లోడ్‌ను) ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయాలి. ఇన్‌స్టాల్ నొక్కకుండా ముందు లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడిపి, వైఫై, సౌండ్ చూసుకో. కార్డు మరీ కొత్తదై వైఫై రాకపోతే, ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి పని కానివ్వు.

ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడలేదా? ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే బయోస్‌లో వీఎండీ (డిస్క్‌ను ఇంటెల్ తన పద్ధతిలో నడిపే సెట్టింగ్, ఆర్‌ఎస్‌టీ పేరుతోనూ ఉండొచ్చు) ఆన్‌లో ఉండి ఉంటుంది. దాన్ని నేరుగా ఆపేస్తే ఉబుంటుకు డిస్క్ దొరుకుతుంది గానీ విండోస్ నీలి తెర చూపించి కూలబడుతుంది, బూట్ సమయంలో వేరే డ్రైవర్ కోసం వెతుక్కుంటుంది కనుక. అందుకే ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (బూట్ సెట్టింగ్‌ల ప్రోగ్రామ్) తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టు. రీస్టార్ట్ చేసి సరాసరి బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపు. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి సరైన డ్రైవర్ పట్టుకుంటుంది. అక్కడ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చెయ్. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ తెలిసుండాలి.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపమని చాలామంది చెబుతారు, ఉబుంటుకు అక్కర్లేదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం ఇన్‌స్టాలర్ పాస్‌వర్డ్ పెట్టమంటే మాత్రం, రీస్టార్ట్‌లో నీలి తెర వచ్చినప్పుడు పక్కనే ఉండు. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కి ఎన్‌రోల్ ఎంఓకే (ఆ డ్రైవర్‌ను నమ్మమని చెప్పే మెనూ) ఎంచుకోకపోతే అది వెళ్లిపోతుంది, డ్రైవర్ లోడ్ కాదు.

పార్టిషన్లు చేత్తో చేసుకుంటే ఉన్న ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్లుండే) పార్టిషన్‌నే వాడు, ఫార్మాట్ మాత్రం చేయకు. చేస్తే విండోస్ బూట్‌లోడర్ పోతుంది.

అంతా అయ్యాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే బ్యాటరీ మార్పించకు. లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉబుంటులో ఆ గడియారాన్ని లోకల్ టైమ్‌కి మారిస్తే సరి.

మామయ్య