ఘాట్‌లో మెత్తబడిన పెడల్ గురించి మేనల్లునికి

పాలమూరు

చిరంజీవి మేనల్లునికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన బ్రేక్ కాలిపర్ కొలతలు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు పక్కల నుండి ప్యాడ్లతో అదిమి పట్టే భాగం కొలతలు, అందాయి. నల్లగొండలో అక్క, బావ క్షేమమని తెలిసి సంతోషం. శ్రీశైలం పోతూ దోమలపెంట దాటి కృష్ణ వైపు ఘాట్ దిగుతుండగా బ్రేక్ పెడల్ మెత్తబడి సగానికి పైగా లోపలికి పోయిందని చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండిని పక్కకు ఆపి గంటసేపు చల్లారనిచ్చి మంచి పని చేశావు. దీనికి విరుగుడుగా ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేయించాలనుకుంటున్నావని, కానీ అలా వేయించిన నీ స్నేహితుని కారులో ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా తనంతట తానే ఒక్కో చక్రానికి బ్రేకు వేసే ఏర్పాటు) దీపం వెలిగి ఆరడం లేదు గనుక వెనకాడుతున్నావని రాశావు. జడ్చర్ల రోడ్డు మీద షెడ్డు పెట్టి 30 ఏళ్లు బ్రేకుల పనే చేసినవాడిని కాబట్టి నాకు తెలిసినదంతా రాస్తున్నాను. తొందరపడకుండా రెండుసార్లు చదువు.

మొదట ఆ రోజు జరిగినదేమిటో సరిగ్గా గుర్తించాలి. ఘాట్‌లో బ్రేకులు పట్టకపోవడం రెండు రకాలుగా ఉంటుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్లు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ వేడెక్కి పట్టు కోల్పోయాయని అర్థం. పెడల్ స్పాంజిలాగా మెత్తబడి కిందికి పోతే పైపులలోని బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పుట్టిందని అర్థం. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది, కాబట్టి నీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. నీకు జరిగింది రెండోది. కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నాటి నుండి, అంటే మూడేళ్లుగా, బ్రేక్ ఆయిల్ మార్చలేదని నీవే రాశావు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరితే 155 డిగ్రీల దాకా ఆగినా చాలునని ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. వాన నాలుగు నెలలు, ఎండ మిగతా కాలం చూసిన మూడేళ్ల ఆయిల్‌తో, కాలు పెడల్ మీది నుండి తీయకుండా ఘాట్ దిగితే, ఆ 75 డిగ్రీల తేడాలోనే నీ బ్రేకులు పోయాయి.

అందువల్ల పెద్ద కాలిపర్ల కంటే ముందు ఆయిల్ పూర్తిగా మార్పించు. నీ కారుకు మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే తీసుకో. ఈఎస్‌పీ ఉన్న చాలా కార్లకు పలుచగా పారే డాట్ 4 రకం అడుగుతారు. డబ్బా మీద ఎల్‌వీ అనో, క్లాస్ 6 అనో ఉంటుంది. ఈఎస్‌పీ పంపు తనంతట తానుగా కన్ను మూసి తెరిచేలోగా ఒక చక్రానికి ఆయిల్ పంపాలి గనుక, చల్లని ఉదయాన కూడా ఆయిల్ చిక్కబడకుండా ఉండడం దానికి ముఖ్యం. రేసుల కోసం అమ్మే కొన్ని ఆయిల్స్ చాలా ఎక్కువ వేడి దాకా మరగకపోయినా చలిలో చిక్కగా ఉంటాయి, అవి ఈ పనికి రావు. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్. దాన్ని ఈ కారు దరిదాపులకు కూడా రానివ్వవద్దు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. పేర్లు దగ్గరగా ఉన్నందున కౌంటర్ మీద పిల్లవాడు పొరపాటు చేయవచ్చు, డబ్బా నీవే తిప్పి చదువు.

ఇక ఈఎస్‌పీ ఎందుకు అలుగుతుందో చెబుతాను. ఆ కంప్యూటరు నాలుగు చక్రాల వేగాన్ని, స్టీరింగ్ తిప్పిన కోణాన్ని, బండి నిలువు అక్షం చుట్టూ తిరిగే వేగాన్ని, పక్కకు లాగే బలాన్ని, బ్రేక్ లైనులోని ప్రెషర్‌ను ఎడతెగకుండా చూస్తూ ఉంటుంది. ఇంత ప్రెషర్ ఇస్తే ఈ చక్రం ఇంత బలంతో ఆగుతుందనే లెక్కను కంపెనీ వారు దానిలో ముందే రాసి పెట్టారు. వాల్వును కొన్ని మిల్లీసెకన్లు తెరిచి, ఆ చక్రానికి ఎంత ఆయిల్ పోయిందో, దానివల్ల ఎంత ప్రెషర్ పెరిగిందో ఆ లెక్కతోనే అంచనా వేస్తుంది. పిస్టన్ పెద్దదైతే అదే ఆయిల్‌కు ప్రెషర్ తక్కువ పెరుగుతుంది, అదే ప్రెషర్‌కు పట్టు మాత్రం ఎక్కువ వస్తుంది. కంప్యూటరు లెక్క ఒకటి, రోడ్డు మీద జరిగేది ఇంకొకటి అవుతుంది. తేడా మరీ పెరిగితే దీపం వెలుగుతుంది. దీపం వెలగని సందర్భమే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే ముందు చక్రాలు తొందరగా బిగుసుకుని, చక్రం తిరగకుండా ఆగిపోనివ్వని ఏబీఎస్ వాటిని వదులుతూ ఉంటే, వెనుక బ్రేకులకు తమ వంతు పని అందక, వేల రూపాయలు పోసిన కారు కంపెనీ కారు కంటే ఎక్కువ దూరం పోయి ఆగవచ్చు.

కాబట్టి పిస్టన్ వైశాల్యాన్ని మార్చకపోవడమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. నీవు కొలిచిన పాత కాలిపర్‌లో 57 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటి ఉంది. దాని వైశాల్యం సుమారు 2,552 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో ఒక పక్కనున్న రెండింటినే లెక్కించాలి. నీ పాతదానిలా పక్కకు కదిలే కాలిపర్‌లో ఒక పిస్టన్ నెట్టిన బలమే తిరుగుదెబ్బగా అవతలి ప్యాడ్‌ను లాగుతుంది, అందుకే పోల్చేటప్పుడు ఒక పక్కకు ఒక పక్కే సరి. నాలుగింటినీ కూడితే లెక్క రెట్టింపు తప్పుతుంది. 38, 42 మిల్లీమీటర్ల పిస్టన్ల జతకు 2,520 దాకా వస్తుంది, అంటే పాతదానికి ఒకటిన్నర శాతం లోపు తేడా. దానితో 300 మిల్లీమీటర్ల డిస్క్ స్థానంలో 330 డిస్క్ వేస్తే, ప్యాడ్ పట్టే చోటు ఇరుసుకు దూరం జరిగినందువల్ల పట్టు సుమారు 10 శాతం పెరుగుతుంది. అదే 40, 44 పిస్టన్ల జత అయితే పెరుగుదల 20 శాతం దాటుతుంది. మొదటి దానికి నేను ఒప్పుకుంటాను, రెండో దానికి ఒప్పుకోను. పెద్ద డిస్క్ వల్ల మనకు కావలసిన అసలు లాభం వేడిని మోసే ఇనుము పెరగడం; గంటకు 100 కిలోమీటర్ల వేగం నుండి ఆపడానికి, 60 నుండి ఆపడానికి అయ్యే వేడికి దాదాపు మూడింతలు పుడుతుంది, ఆ వేడిలో ఎక్కువ భాగం ముందు డిస్కులే మోయాలి. డిస్కు మీద రంధ్రాలు చూడడానికి అందంగా ఉంటాయి గానీ, పదే పదే వేడెక్కి చల్లారితే ఆ రంధ్రాల అంచుల నుండే పగుళ్లు పుట్టడం నేను చాలాసార్లు చూశాను. మధ్యలో గాలి పోయే మామూలు డిస్క్ తీసుకో.

నీ మోడల్‌లోనే ఎక్కువ శక్తి గల వేరియంట్‌కు కంపెనీ అమర్చిన బ్రేకులు దొరికితే వాటికే నా ఓటు. అప్పుడు కూడా కొన్ని కార్లలో ఏబీఎస్ మాడ్యూల్‌కు బ్రేక్ సైజు మారిందని, కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్‌తో కోడింగ్ చేయాలి, అది వదిలేస్తే పని సగమే అయినట్టు.

ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో పట్టు. ఎఫ్ అంటే 0.35 నుండి 0.45 వరకు, జీ అంటే 0.45 నుండి 0.55 వరకు. ముందు జీ జీ వేసి వెనుక పాత ఎఫ్ ఎఫ్ ఉంచితే, పిస్టన్ లెక్క ఎంత సరిగ్గా చేసినా వృథా అవుతుంది. నాలుగు చక్రాలకూ ఒకే రకం వేయించు. వెనుక కాలిపర్లకు కరెంటు పార్కింగ్ బ్రేక్ ఉంటే వాటిని మార్చవద్దు. ప్యాడ్లు మార్చేటప్పుడు కూడా స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటారును వెనక్కి తిప్పించాకే పిస్టన్ నెట్టాలి.

330 డిస్క్‌కు 18 అంగుళాల రిమ్ అవసరమైతే టైరు కొలత కూడా చూడాలి. 225/45 ఆర్17 టైరు ఎత్తు సుమారు 634 మిల్లీమీటర్లు, 225/40 ఆర్18 టైరుది 637. ఈ తేడా ఎవరినీ బాధించదు. రెండు కొత్త టైర్లు, రెండు అరిగినవి కలిపి తొడిగితే మాత్రం తేడా దీనికి కొన్ని రెట్లు ఉండవచ్చు, చక్రాల వేగాలు కలవక ఈఎస్‌పీ అనవసరంగా అనుమానపడుతుంది.

నా చేతి తప్పు ఒకటి నీకు తప్పకుండా చెప్పాలి. సుమారు 12 ఏళ్ల క్రితం ఒక కారుకు ఇలాగే పెద్ద బ్రేకులు బిగిస్తూ, హబ్ విప్పాను కదా అని ఎడమవైపు కొత్త బేరింగ్ కూడా ప్రెస్ చేశాను. బండి రోడ్డెక్కి ఫర్లాంగు పోకముందే ఏబీఎస్, ఈఎస్‌పీ దీపాలు రెండూ వెలిగాయి. కొత్త కాలిపర్లదే దోషమని రెండు రోజులు వాటినే విప్పి బిగించాను. చివరకు స్కానర్‌లో చక్రాల వేగాలు తెరిచి బండిని మెల్లగా నడిపిస్తే, మూడు చక్రాలు 20 చూపిస్తుంటే ఎడమ ముందుది సున్నా దగ్గరే నిలబడి ఉంది. ఇప్పటి బేరింగులలో చాలావాటికి ఒక ముఖం మీద ముదురు గోధుమ రంగు పలుచని వలయం ఉంటుంది, దానిలో చిన్న చిన్న అయస్కాంతాలు వరుసగా ఉంటాయి, సెన్సర్ చదివేది వాటినే. నేను దాన్ని తిరగేసి కొట్టాను. విప్పితే బేరింగ్ పాడైంది, ఇంకొకటి నా డబ్బుతోనే తెచ్చి వేశాను. సన్నని గుండుసూది దగ్గరికి తెస్తే అయస్కాంతం ఉన్న ముఖం దాన్ని కొద్దిగా లాగుతుంది. మీ మెకానిక్ బేరింగ్ ముట్టుకుంటే ఆ పరీక్ష నీ కళ్ల ముందు చేయించు. అలాగే సెన్సర్ వైరును పాత క్లిప్పులలోనే కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వైరు గానీ బ్రేక్ పైపు గానీ టైరుకు, కాలిపర్‌కు రాసుకోవడం లేదని టార్చి వేసి చూడాలి.

ఆయిల్ నింపేటప్పుడు పైడబ్బా ఎన్నడూ ఖాళీ కానివ్వకూడదు. ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి చేరుతుంది, మామూలుగా పెడల్ తొక్కి ఎయిర్ తీస్తే అది బయటికి రాదు, స్కానర్‌తో పంపును, వాల్వులను ఆడిస్తూ తీయాలి. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, స్టీరింగ్ కోణం సెన్సర్‌ను, మీ కారు కోరితే ప్రెషర్ సెన్సర్‌ను సున్నాకు తెప్పించాలి. నీ స్నేహితునికి కూడా మొదట ఈ రెండూ చూపించుకోమని చెప్పు. దీపం ఆరడానికి ఫ్యూజు పీకమని, వైరు కోయమని ఎవరైనా సలహా ఇస్తే ఆ షెడ్డు నుండి బండిని వెంటనే బయటికి తెచ్చుకో.

చట్టం సంగతి కూడా మరువవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆర్టీఓ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే సామాను కొను.

నా మాట వింటే ఈ నెల ఆయిల్, నాలుగు చక్రాల ప్యాడ్లు మాత్రమే మార్పించు. కొత్త ప్యాడ్లను తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుండి 15 దాకా బండిని పదిసార్లు ఓ మోస్తరుగా నెమ్మదింపజేసి, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ పట్టించాలి. ఆ తర్వాత రెండో గేరులో, మూడో గేరులో ఇంజను పట్టుతో ఆ ఘాట్ దిగి చూడు. అప్పుడు కూడా పెడల్ మెత్తబడితే డిస్కుల మాట ఇద్దరం కూర్చొని మాట్లాడదాం. వచ్చే ఆదివారం ఇక్కడికి వచ్చేటప్పుడు స్కానర్‌లో ఇప్పుడున్న కోడ్ల ప్రింటు తీయించుకొని రా. విప్పిన పాత ప్యాడ్లు పారేయకుండా ఏ చక్రానివి ఆ చక్రంగా, లోపలివి, బయటివి గుర్తు పెట్టి సంచిలో తీసుకొని రా. రెండింటి అరుగుదలలో తేడా ఉంటే కాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయేమో చూడవచ్చు.

ఇట్లు,
మీ మామ